22 నిమిషాలు ముందున్నా చేజారిన కప్.. హైదరాబాద్ తూఫాన్స్ ఓటమి తెలుగు హాకీ అభిమానికి ఏం చెబుతోంది?

ఒక్క గోల్.. అంతే తేడా. హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో ఓడిపోయింది. ఒడిశాలోని రూర్కెలాలో శనివారం (ఫిబ్రవరి 1, 2025) జరిగిన టైటిల్ పోరులో శ్రాచి రాఢ్ బెంగాల్ టైగర్స్ కప్పు ఎగరేసుకుపోయింది. విజేతకు రూ.3 కోట్లు, రన్నరప్‌గా నిలిచిన తూఫాన్స్‌కు రూ.2 కోట్ల ప్రైజ్ మనీ దక్కాయి.

హైదరాబాద్ పేరున్న జట్టు ఒక జాతీయ లీగ్ ఫైనల్ ఆడింది. ఆఖరి ఆరు నిమిషాల దాకా సమంగా నిలబడింది. కానీ ఈ వార్త మన ఇళ్లలో ఎంతమందికి చేరింది? శనివారం పొద్దున్నుంచి టీవీల నిండా కేంద్ర బడ్జెట్టే. రూ.12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదన్న ప్రకటన మీదే చర్చంతా నడిచింది. ఆదివారం తెల్లారితే అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 3 వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచి దక్షిణాఫ్రికాను చిత్తు చేసింది. అదే రోజు రాత్రి వాంఖడేలో అభిషేక్ శర్మ ఇంగ్లండ్‌పై 54 బంతుల్లో 135 కొట్టాడు. ఇంకేముంది.. తూఫాన్స్ ఓటమి స్క్రోలింగ్‌లో ఒక లైన్ అయిపోయింది.

అయినా చూసినవాళ్లు చూశారు. ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం లాంటి మండలంలో ఫోన్ పట్టుకుని ఫైనల్ చూసిన హాకీ అభిమానికి ఇప్పుడు రెండు బాధలు. ఒకటి, గెలవాల్సిన మ్యాచ్ పోయిందన్నది. రెండోది, ఈ ఓటమి గురించి మాట్లాడుకోవడానికి పక్కన ఇంకో మనిషి లేడన్నది. మొదటిది వారం రోజుల్లో పోతుంది. రెండోది మాత్రం కాస్త ఆలోచించాల్సిన విషయం.

అసలు మ్యాచ్‌లో ఏం జరిగింది?

9వ నిమిషంలోనే తూఫాన్స్ ఖాతా తెరిచింది. గొంజాలో పెయిలాట్ గోల్‌తో 1-0. ఆ ఆధిక్యం 25వ నిమిషం వరకు నిలిచింది. అప్పుడు టైగర్స్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ స్కోరు సమం చేశాడు. ఆ సంబరం ఒక్క నిమిషమే. 26వ నిమిషంలో అమన్‌దీప్ లాక్రా గోల్ కొట్టి తూఫాన్స్‌ను మళ్లీ 2-1తో ముందుకు తీసుకెళ్లాడు. హాఫ్‌టైమ్‌కు స్కోరు అదే.

బ్రేక్ తర్వాత కథ మారిపోయింది. ఆట మళ్లీ మొదలైన రెండో నిమిషంలోనే, అంటే 32లో, జుగ్‌రాజ్ రెండో గోల్. 35లో మూడోది. హ్యాట్రిక్! 2-1తో ఉన్న తూఫాన్స్ చూస్తుండగానే 2-3తో వెనకబడింది. 39లో పెయిలాట్ తన రెండో గోల్‌తో స్కోరును 3-3 చేశాడు.

అక్కడి నుంచి 15 నిమిషాలు గోల్ లేదు. చూసేవాళ్లకు గుండె చేతిలో పట్టుకున్నట్టే ఉంది. షూటౌట్ తప్పదేమో అనుకుంటున్న టైమ్‌లో, 54వ నిమిషంలో న్యూజిలాండ్ ఆటగాడు సామ్ లేన్ టైగర్స్‌కు నాలుగో గోల్ అందించాడు. మిగిలిన ఆరు నిమిషాల్లో తూఫాన్స్ దాన్ని సరిచేయలేకపోయింది.

గడియారం చెప్పే లెక్క ఇదీ..

గోల్స్ పడిన నిమిషాలను వరుసగా పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. 60 నిమిషాల ఆటలో తూఫాన్స్ ఆధిక్యంలో ఉన్నది సుమారు 22 నిమిషాలు. స్కోరు సమంగా ఉన్నది 28 నిమిషాలు. మరి కప్పు గెలిచిన టైగర్స్ ముందున్నది ఎంతసేపు? మొత్తం కలిపినా 10 నిమిషాలే!

అంటే మ్యాచ్‌లో ఎక్కువసేపు పైచేయి ఉన్న జట్టే ఓడింది. దీన్ని దురదృష్టం అనేసి ఊరుకోవచ్చు. కానీ ఇంకోలా చూస్తే అసలు లోపం కనిపిస్తుంది. తూఫాన్స్ రెండుసార్లు ఆధిక్యంలోకి వెళ్లినా, ఒక్కసారి కూడా రెండు గోల్స్ తేడా తెచ్చుకోలేదు. హాకీలో ఒక గోల్ ఆధిక్యం అంటే తలుపు దగ్గరికి వేసినట్టే, గడియ పెట్టినట్టు కాదు. ఎదుటి జట్టులో జుగ్‌రాజ్ లాంటి ఆటగాడుంటే ఆ తలుపు తెరుచుకోవడానికి క్షణం చాలు.

మరొకటి, హాఫ్‌టైమ్ తర్వాత తొలి ఐదు నిమిషాలు. 32లో ఒకటి, 35లో ఒకటి. మ్యాచ్ చేజారింది నిజానికి అక్కడే. 54వ నిమిషం గోల్ అందరికీ గుర్తుండిపోతుంది కానీ, ఆ మూడు నిమిషాల్లో వచ్చిన రెండు గోల్స్ ఆపి ఉంటే ఆఖర్లో అంత టెన్షన్ ఉండేదే కాదు.

జుగ్‌రాజ్‌ను ఆపడం ఎందుకంత కష్టం?

క్రికెట్ చూసే అలవాటున్నవాళ్లకు హాకీలో అర్థం కానిది ఒకటుంటుంది. ఎక్కడో కర్ర తగిలిందనో, బంతి కాలికి తాకిందనో అంపైర్ విజిల్ వేస్తాడు. వెంటనే ఆట ఆగి, కొందరు గోల్‌పోస్టు దగ్గరికి, కొందరు సర్కిల్ బయటికి పరుగెడతారు. అదే పెనాల్టీ కార్నర్. జుగ్‌రాజ్, పెయిలాట్ ఇద్దరికీ పేరు తెచ్చిపెట్టింది ఇదే.

పెనాల్టీ కార్నర్ ఇస్తే, గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్‌లైన్ వెనక నిలబడి కాపాడుకోవాలి. మిగతా ఆరుగురు సెంటర్‌లైన్ దాటి అవతల ఉండాలి. దాడి చేసేవాళ్లలో ఒకరు గోల్‌లైన్ మీద నుంచి బంతిని సర్కిల్ బయటికి పంపిస్తారు. ఇంకొకరు దాన్ని ఆపుతారు. మూడో ఆటగాడు కర్రతో బంతిని లాగి, ఒళ్లంతా తిప్పి విసురుతాడు. దాన్నే డ్రాగ్ ఫ్లిక్ అంటారు. గట్టిగా కొట్టే షాట్ అయితే మొదటి దెబ్బకు గోల్‌లైన్ దాటేటప్పుడు 46 సెంటీమీటర్ల ఎత్తు మించకూడదు. డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు. పై మూలకైనా కొట్టొచ్చు, కింద మూలకైనా కొట్టొచ్చు. గోల్‌కీపర్ ఎటు దూకాలో తేల్చుకునేలోపే బంతి వలలో ఉంటుంది.

అందుకే వేలంలో డ్రాగ్ ఫ్లికర్లకు అంత ధర. ఈ లీగ్‌లో అత్యధికంగా రూ.78 లక్షలు పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్ డ్రాగ్ ఫ్లికరే. తూఫాన్స్ రూ.68 లక్షలు పెట్టి కొన్న పెయిలాట్ డ్రాగ్ ఫ్లికరే. టైగర్స్ రూ.48 లక్షలకు తీసుకున్న జుగ్‌రాజ్ కూడా అంతే. పంజాబ్‌లోని అటారీ నుంచి వచ్చిన జుగ్‌రాజ్, గత సెప్టెంబర్‌లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో చైనాపై భారత్‌ను గెలిపించిన ఏకైక గోల్ కొట్టాడు. పెద్ద మ్యాచ్ అంటే బెదరని ఆటగాడు. అలాంటివాడిని ఎదుర్కొనేటప్పుడు చేయాల్సింది ఒక్కటే.. సర్కిల్‌లో తప్పు చేయకపోవడం. అవకాశం ఇచ్చాక ఆపడం అదృష్టం మీదే ఆధారపడి ఉంటుంది.

ఆరు నెలల క్రితం విలన్.. ఇప్పుడు మన హీరో

పెయిలాట్ పేరు భారత అభిమానులకు కొత్త కాదు. పుట్టింది అర్జెంటీనాలో. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆ దేశం స్వర్ణం గెలిచినప్పుడు 11 గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్ ఆయనే. తర్వాత జర్మనీకి మారి, 2023లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ టోర్నీ సెమీస్‌లో ఆస్ట్రేలియాపై హ్యాట్రిక్ కొట్టాడు.

గత ఏడాది ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్ గుర్తుందా? 7వ నిమిషంలోనే హర్మన్‌ప్రీత్ గోల్‌తో భారత్ ముందంజ వేసింది. 18లో ఇదే పెయిలాట్ స్కోరు సమం చేశాడు. చివరికి 54వ నిమిషంలో మార్కో మిల్ట్‌కావ్ గోల్‌తో జర్మనీ 3-2తో గెలిచింది. భారత్ కాంస్యంతో సరిపెట్టుకుంది. ఆ రోజు పెయిలాట్‌ను తిట్టుకున్న అభిమానే, శనివారం ఆయన కొట్టిన గోల్‌కు చప్పట్లు కొట్టాడు. ముందు ఆధిక్యం, తర్వాత 54వ నిమిషంలో గుండెకోత.. మ్యాచ్ నడిచిన తీరు కూడా అచ్చం అలాగే ఉంది. కాకపోతే ఈసారి పెయిలాట్ ఓడిన పక్కన ఉన్నాడు.

లీగ్ ఆటల్లో ఉన్న మజా ఇదే. జెర్సీ రంగు మారితే చాలు, నిన్నటి ప్రత్యర్థి ఇవాళ మనవాడు. అయితే ఇక్కడే రెడ్డిగూడెం అభిమానికి ఒక డౌట్ వస్తుంది. జెర్సీ మీద ఉన్న ఊరి పేరు తప్ప ఈ జట్టుకూ మనకూ ఉన్న చుట్టరికం ఏంటి?

పేరు హైదరాబాద్.. గ్రౌండ్ రూర్కెలా

ఈ సీజన్‌లో పురుషుల లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడాయి. వాటిలో రెండు తెలుగు నగరాలవే. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. రెండోది విశాఖపట్నం పేరుతో నమోదైన టీమ్ గోనాసిక. ఈ రెండో సంగతి చాలామంది తెలుగువాళ్లకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడంలో వింతేమీ లేదు. గోనాసిక అనేది ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో వైతరణీ నది పుట్టే చోటు. పేరులో విశాఖ కనిపించదు, వినిపించదు.

పురుషుల మ్యాచ్‌లు రూర్కెలాలో జరిగాయి. హైదరాబాద్‌లో ఒక్కటీ లేదు. విశాఖలో ఒక్కటీ లేదు. రెడ్డిగూడెం నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. రూర్కెలా అంటే దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. సొంత జట్టు ఆటను స్టేడియంలో చూడాలన్న కోరిక ఉన్నా తీరే దారి లేదు.

నిర్వాహకుల ఇబ్బంది కూడా అర్థం చేసుకోదగిందే. 2017 తర్వాత ఈ లీగ్ ఏడేళ్లు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎనిమిది నగరాల్లో ఎనిమిది మైదానాలు సిద్ధం చేయడం, జట్లను ఊరూరా తిప్పడం ఖర్చుతో కూడిన పని. ఒకే చోట పెడితే ఆ ఖర్చు తగ్గుతుంది, నిర్వహణా సులభం. మొదటి ఏడాదికి ఇది సరే. కానీ ఇదే పద్ధతి ఏళ్ల తరబడి సాగితే హైదరాబాద్ అన్న మాట జెర్సీ మీద ప్రింటింగ్‌గానే మిగిలిపోతుంది.

మనకు ఇది కొత్త కూడా కాదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ టైటిల్ గెలిచింది. కరోనా కారణంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ జట్టు దేశంలో చాంపియన్ అయినా, ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా నగరవాసులు గ్యాలరీలో కూర్చుని చూడలేకపోయారు. కప్పు వచ్చింది కానీ ఊరేగింపు లాంటి సందడి రాలేదు. గెలుపు పరిస్థితే అదైతే ఇక ఓటమి సంగతి చెప్పేదేముంది?

సరిగ్గా 20 ఏళ్ల క్రితం గచ్చిబౌలిలో..

హైదరాబాద్‌కు హాకీ తెలియదా అంటే, అదేం కాదు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల కోసం గచ్చిబౌలిలో హాకీ స్టేడియం కట్టారు. పురుషుల ఫైనల్లో భారత్ 3-1తో పాకిస్థాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది అక్కడే.

2005లో దేశంలో తొలి హాకీ లీగ్, ప్రీమియర్ హాకీ లీగ్, మొదలైంది కూడా గచ్చిబౌలిలోనే. ఇప్పుడు మనం చూస్తున్న నాలుగు క్వార్టర్ల ఆటను అంతర్జాతీయ హాకీ కంటే చాలా ముందే ఆ లీగ్ ప్రయత్నించి చూసింది. తొలి టైటిల్ ఎవరిదో తెలుసా? హైదరాబాద్ సుల్తాన్స్! ఫైనల్లో షేర్-ఎ-జలంధర్‌ను ఓడించి గెలిచారు. ఆ జట్టు కెప్టెన్ దిలీప్ టిర్కీ. 2025లో ఈ ఫైనల్ నాటికి హాకీ ఇండియా అధ్యక్షుడు ఆయనే. అంటే, ఈ లీగ్‌ను ఏడేళ్ల తర్వాత మళ్లీ తెచ్చిన సంస్థకు పెద్ద.. ఒకప్పుడు హైదరాబాద్‌కు కప్పు అందించిన నాయకుడు.

ఇంకా వెనక్కి వెళ్తే ముకేశ్ కుమార్ ఉన్నారు. హైదరాబాద్ నుంచి వెళ్లి 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ.. వరుసగా మూడు ఒలింపిక్స్ ఆడిన ఫార్వర్డ్. పద్మశ్రీ అందుకున్నారు.

మరి ఆ తర్వాత ఏమైంది? ప్రీమియర్ హాకీ లీగ్ 2008తో ఆగిపోయింది. 2013 నుంచి 2017 వరకు ఐదు సీజన్లు నడిచిన హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ జట్టే లేదు. సుల్తాన్స్ ఆట చూసి కర్ర పట్టాలనుకున్న పదేళ్ల పిల్లాడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు. మధ్యలో అతడు చూడటానికి సొంత జట్టంటూ లేకుండా పోయింది.

ఒకే గచ్చిబౌలి.. రెండు కథలు

స్టేడియం ఉంటే ఆట పెరుగుతుందా? ఈ ప్రశ్నకు గచ్చిబౌలే సమాధానం చెబుతుంది. హాకీ స్టేడియం ఉన్న అదే ప్రాంతంలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ ఉంది. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పీవీ సింధు రజతం.. ఈ రెండు ఒలింపిక్ పతకాల వెనక ఉన్నది ఆ అకాడమీలో చేసిన సాధనే. గుంటూరు నుంచి కిదాంబి శ్రీకాంత్, అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ వచ్చి చేరింది అక్కడికే.

తేడా ఎక్కడుంది? హాకీ స్టేడియం ఒక ఈవెంట్ కోసం కట్టింది. ఈవెంట్ అయిపోతుంది, సీట్లు మిగులుతాయి. అకాడమీ తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదుకో లేచే పిల్లల కోసం కట్టింది. అక్కడ రోజూ కోచ్ ఉంటాడు, రోజూ తోటి ఆటగాళ్లు ఉంటారు. అమలాపురం తల్లిదండ్రులు పిల్లాడిని ధైర్యంగా పంపించింది ఆ రోజువారీ పద్ధతిని చూసే.

విజయవాడనే చూడండి. వెన్నం జ్యోతి సురేఖ అక్కడి ఆర్చరీ అకాడమీలో నేర్చుకుని, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. విలువిద్య మన ఊళ్లలో వీధివీధినా ఆడే ఆట కాదు కదా! అయినా ఒక మంచి కేంద్రం ఉంటే ప్రపంచ స్థాయి క్రీడాకారిణి తయారైంది. హాకీకి ఉమ్మడి కృష్ణా జిల్లా నుంచి అలాంటి పేరు ఒక్కటి చెప్పమంటే తడుముకోవాల్సిందే.

రూర్కెలాలో ఉన్నదేంటి?

ఫైనల్ జరిగిన బిర్సా ముండా స్టేడియం 2023 ప్రపంచకప్ కోసం కట్టింది. 20 వేల మందికి పైగా కూర్చుని చూడొచ్చు. కానీ రూర్కెలా హాకీ ఆ స్టేడియంతో మొదలవలేదు. అది ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలో ఆదివాసీ పల్లెల్లో హాకీ పండగ ఆట. మేకపోతునో, కోళ్లనో బహుమతిగా పెట్టి ఊళ్ల మధ్య పోటీలు పెట్టుకుంటారు. మన దగ్గర సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టుకున్నట్టే. దిలీప్ టిర్కీ పుట్టింది ఆ జిల్లాలోనే. రూర్కెలాలోని పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ అలాంటి ఊళ్ల పిల్లలను తీసుకొచ్చి చదువు, ఆట రెండూ నేర్పింది. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత జట్లకు స్పాన్సర్‌గా నిలిచింది. సుందర్‌గఢ్‌లోని 17 బ్లాకుల్లోనూ సింథటిక్ టర్ఫ్‌లు వేసే పని చేపట్టింది.

అంటే వరుస ఇదీ.. ముందు ఊరి ఆట, తర్వాత హాస్టల్, తర్వాత టర్ఫ్, చివరికి స్టేడియం, లీగ్. మన దగ్గర తలకిందులుగా జరిగింది. ముందు స్టేడియం వచ్చింది, తర్వాత లీగ్ వచ్చింది. ఊళ్లలో ఆట మాత్రం ఇంకా రాలేదు.

రెడ్డిగూడెం పిల్లాడు హాకీ ఆడాలంటే?

ప్రస్తుతం రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటలు పూత మీదున్నాయి. బడి వదిలాక, సెలవు రోజుల్లో ఖాళీ జాగా కనిపిస్తే పిల్లలు క్రికెట్ ఆడతారు. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక నెట్ చాలు. కబడ్డీకి అవీ అక్కర్లేదు. హాకీ అలా కాదు. మట్టి గ్రౌండ్‌లో మొదలుపెట్టొచ్చు కానీ, పోటీలన్నీ సింథటిక్ టర్ఫ్ మీదే. మట్టి మీద బంతి ఎగిరెగిరి పడుతుంది. టర్ఫ్ మీద జారుతూ దూసుకెళ్తుంది. మట్టి మీద నేర్చుకున్న చేతికి టర్ఫ్ మీద మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నట్టే ఉంటుంది. టర్ఫ్ వేయడానికి కోట్లు కావాలి, దాన్ని తడపడానికి నీళ్లు కావాలి. మంచి కర్ర, గోల్‌కీపర్ కిట్ కొనాలన్నా మామిడి తోటలో కూలికి వెళ్లే కుటుంబానికి పెద్ద ఖర్చే.

అంతమాత్రాన అసాధ్యం మాత్రం కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని యెనుమలవారిపల్లె నుంచి ఎతిమర్పు రజని వచ్చింది. గోల్‌కీపర్‌గా 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. గత ఏడాది జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత మహిళల జట్టుకు ఆమే కెప్టెన్. అప్పుడూ ఫైనల్ దాకా వచ్చి నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడారు. ఒక తెలుగు అమ్మాయి కెప్టెన్‌గా ప్రపంచకప్ ఫైనల్ ఆడిందన్న సంగతి కూడా మన దగ్గర పెద్ద వార్త కాలేదు!

అనంతపురంలో ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్ గ్రామీణ పిల్లలకు హాకీ నేర్పుతోంది. 2023లో సీనియర్ మహిళల జాతీయ హాకీ చాంపియన్‌షిప్ కాకినాడలో జరిగింది. అంటే విత్తనాలు లేకపోలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి ఉన్నాయి. వాటిని కలిపే కాలువే లేదు.

మరి క్రికెట్‌లో ఎలా కుదిరింది?

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. సన్‌రైజర్స్‌లో మాత్రం అందరూ తెలుగువాళ్లేనా? అభిషేక్ శర్మ పంజాబ్ కుర్రాడు, కెప్టెన్ కమిన్స్ ఆస్ట్రేలియా ఆటగాడు. అయినా మనం సొంతం చేసుకోలేదా? గత మే నెలలో ఐపీఎల్ ఫైనల్లో కోల్‌కతా చేతిలో 113కే ఆలౌటై ఓడితే ఊరూరా బాధపడలేదా?

నిజమే. కానీ సన్‌రైజర్స్‌ను సొంతం చేసుకోవడానికి ఉప్పల్ ఉంది. సీజన్‌కు ఏడు మ్యాచ్‌లు కళ్లెదుట జరుగుతాయి. పైగా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అదే జట్టులో మెరిసి, అక్కడి నుంచి టీమిండియాకు వెళ్లాడు. ఈ హాకీ లీగ్ మొదలైన డిసెంబర్ 28నే ఆయన మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. ఆ ఒక్క ఇన్నింగ్స్ తర్వాత ఎంతమంది తల్లిదండ్రులు పిల్లాడికి బ్యాట్ కొనిచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు. అభిమానం పెరిగేది ఇలాగే. బయటి స్టార్ ఆట చూపిస్తాడు, మనూరివాడు దారి చూపిస్తాడు. తూఫాన్స్‌లో మొదటిది ఉంది. రెండోది రావాలి.

దానికి లీగ్ నిబంధనల్లోనే చోటుంది. 2024-25 సీజన్‌లో ఒక్కో జట్టులో 24 మంది. అందులో 16 మంది భారతీయులు, 8 మంది విదేశీయులు. ఆ భారతీయుల్లో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్నది అప్పటి నిబంధన. ఆ నాలుగు స్థానాల్లో ఒకదానికి పోటీపడే తెలుగు కుర్రాడిని తయారు చేయడం పదేళ్ల పని కాదు. ఇప్పుడు 14, 15 ఏళ్లున్న పిల్లలను వెతికి, టర్ఫ్ మీద రోజూ ఆడిస్తే నాలుగైదేళ్లలో అయ్యే పనే. అమ్మాయిల విషయంలో అయితే ఇంకో మెట్టు వెనకే ఉన్నాం. ఈ ఏడాదే మొదలైన మహిళల లీగ్‌లో నాలుగు జట్లు ఆడితే, వాటిలో తెలుగు నగరం పేరు ఒక్కటీ లేదు. రజని లాంటి ఆటగత్తెను ఇచ్చిన నేలకు ఇది వెలితే.

ఓటమి తర్వాత ఏంటి?

ఆటపరంగా తూఫాన్స్ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కు వచ్చింది. సెమీస్‌లో హర్మన్‌ప్రీత్ ఉన్న సూర్మా హాకీ క్లబ్‌ను ఇంటికి పంపింది. అటు టైగర్స్ కూడా సెమీస్‌లో తమిళనాడు డ్రాగన్స్‌పై షూటౌట్ దాకా వెళ్లి గట్టెక్కిన జట్టే. రెండు జట్ల మధ్య తేడా ఒక్క గోల్. వచ్చే సీజన్‌కు హాఫ్‌టైమ్ తర్వాత తడబాటును, పెనాల్టీ కార్నర్ డిఫెన్స్‌ను సరిచేసుకుంటే కప్పు అందని ద్రాక్షేమీ కాదు.

కానీ అభిమాని కోణంలో తేలాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. వచ్చే సీజన్‌లో కనీసం రెండు, మూడు మ్యాచ్‌లైనా హైదరాబాద్‌లో పెడతారా? గెలుచుకున్న రెండు కోట్లలో కొంతైనా ఫ్రాంచైజీ తెలుగు జిల్లాల్లో సెలక్షన్ ట్రయల్స్‌కు ఖర్చు పెడుతుందా? ఉన్న టర్ఫ్‌ల దగ్గర రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు హాస్టల్ వసతి, కోచ్‌లను ఏర్పాటు చేస్తాయా? అలా చేస్తే రెడ్డిగూడెంలో టర్ఫ్ లేకపోయినా ఫర్వాలేదు. అమలాపురంలో అంతర్జాతీయ బ్యాడ్మింటన్ అకాడమీ లేకపోయినా సాత్విక్ వచ్చాడు కదా!

శనివారం పోయిన కప్పు కోసం బాధపడేవాళ్లు రెడ్డిగూడెం లాంటి చోట్ల ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే ఉండొచ్చు. తూఫాన్స్‌కు అసలు పరీక్ష ఆ సంఖ్యే. వచ్చే ఏడాది ఫైనల్ నాటికి అది పెరిగితే, గెలిచినా ఓడినా హైదరాబాద్‌కు ఒక హాకీ జట్టు ఉన్నట్టు. పెరగకపోతే మాత్రం కప్పు వచ్చినా అది స్క్రోలింగ్‌లో ఒక లైనే అవుతుంది.